అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు: మీరేం చేస్తున్నారు?

కోనసీమ రైతు:
షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. రాత్రి పడుకుంటే అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. పగలేమో దూది మీద నడుస్తున్నట్టుంటుంది. మొన్న కొబ్బరితోటలో ఎడమకాలి చెప్పు జారిపోతే కాలవగట్టు దాకా వచ్చాక చూసుకున్నాను. వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెడుతుంటే కాస్త హాయిగా ఉంటోంది.

పాలకొల్లు ఆడపడుచు:
అన్నయ్యగారూ, మంట కన్నా ఆ చెప్పు సంగతే నాకు భయంగా ఉంది. మా నాన్నగారికి చేపల చెరువు గట్టు మీద నత్తగుల్ల పెంకు దిగబడింది. రెండు రోజులు దాని మీదే నడిచారు. పక్క మీద రక్తపు మరక చూసి అమ్మ కాలు తిప్పితే కనబడింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. వేడినీళ్లు వెంటనే ఆపేయండి. వేడి తెలియని కాలు ఇట్టే బొబ్బలెక్కుతుంది. ఎండవేళ గుళ్లో బండల మీద ప్రదక్షిణలూ వద్దు.

కాకినాడ నర్సు:
మన ఒంట్లో పాదాలకు వెళ్లే నరాలే బాగా పొడవు. అందుకే షుగర్ దెబ్బ ముందు కాలివేళ్ల దగ్గర తెలుస్తుంది. పది గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాన్ పోగును వంగేదాకా అరికాలికి ఆనించి, తగిలిందా అని అడుగుతారు, అంతే. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు విటమిన్ బి12 తగ్గొచ్చు, అదీ చూపించండి. ప్రీగాబలిన్, డులాక్సెటిన్ లాంటివి మంటను తగ్గిస్తాయి గానీ నరాన్ని బాగుచేయవు. మత్తు, తూలు రావచ్చు, సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. షుగర్ అదుపులో ఉంటే నరం ఇంకా పాడవడం నిదానిస్తుంది. వేలిచెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న ఎమ్‌సీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు వాడండి.

కోనసీమ రైతు:
పరీక్ష చేయించాను. ఎడమకాలికి మూడుచోట్ల పోగు తగిలినట్టే తెలియలేదు. బి12 కూడా తక్కువే, ఇంజెక్షన్లు రాశారు. రోజూ రాత్రి మా ఆవిడ టార్చి వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూస్తోంది. నిన్న చిటికెనవేలి పక్కన ఒరిసిపోయి ఎర్రగా ఉంది, నాకైతే తెలియనే లేదు. ఊడ్పులు దగ్గరపడ్డాయి. బురదలో బూట్లు వేసుకునేవాళ్లెవరైనా ఉన్నారా?

భీమవరం చెరువుగట్టు:
నేను వేసుకుంటాను బాబాయ్. ఆ ఎరుపు తగ్గేదాకా మీరు బురదలో దిగకండి. తర్వాతైనా మధ్యమధ్యలో విప్పి కాలు తుడుచుకుని, పొడి సాక్సు మార్చుకోండి. వేసుకునే ముందు బూటు బోర్లించి దులిపి, లోపల చెయ్యిపెట్టి చూడండి. నాకోసారి గోళీ అంత రాయి దొరికింది, అప్పటికి సగం రోజు దాని మీదే నడిచాను.