ప్రచురణకర్తే పుస్తకం వెనక్కి తీసుకుంటే అది సెన్సార్‌షిప్ అవుతుందా? (మారుపేర్లతో ముగ్గురి చర్చ; 'లెటర్‌ప్రెస్' ప్రచురణకర్త వైపు.)

చిత్తుప్రతి:
సర్కారు ఉత్తర్వు ఇస్తేనే సెన్సార్‌షిప్, ప్రచురణకర్త జంకి ఆపేస్తే అది వ్యాపారం అంటున్నారు కొందరు. నేనొప్పుకోను. క్రిమినల్ కేసుల పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 98వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 95) కింద పుస్తకాన్ని జప్తు చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో కారణాలతో సహా ప్రకటించాలి. రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్తే ముగ్గురు జడ్జీల బెంచి వింటుంది. ప్రచురణకర్త ఆపేస్తే గెజిట్ లేదు, కారణం లేదు, ఆ బెంచీ లేదు.

లెటర్‌ప్రెస్:
వినడానికి బాగానే ఉంది. ఒకే పుస్తకంపై నాలుగు ఊళ్లలో ఫిర్యాదులు పడితే నాలుగు చోట్లా వకీలును పెట్టాల్సింది ఎవరు? మతభావాలను గాయపరిచారన్న న్యాయ సంహిత 299వ సెక్షన్ (పాత ఐపీసీ 295ఎ) కేసులో దురుద్దేశం రుజువు కావాలి, ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసును స్వీకరించకూడదు. కానీ ఎఫ్‌ఐఆర్‌కు ఆ అనుమతి అక్కర్లేదు, తలనొప్పి మొదలయ్యేదే అక్కడ. పైగా ఫలానా పుస్తకం వేసి తీరాలని ఎవరినీ బలవంతపెట్టలేం. వేయకపోవడమూ స్వేచ్ఛే.

చిత్తుప్రతి:
శివాజీపై అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ లేన్ రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2003 నవంబరులోనే వెనక్కి తీసుకుంది. మహారాష్ట్ర జప్తు ఉత్తర్వు వచ్చింది 2004 జనవరిలో. 2007లో బాంబే హైకోర్టు జప్తును కొట్టేసింది, 2010లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. కోర్టుకెక్కింది రచయితా కాదు, ప్రచురణకర్తా కాదు: ఒక న్యాయవాది, ఒక డాక్యుమెంటరీ దర్శకుడు, ఒక సామాజిక కార్యకర్త. ఇంతా చేసి రద్దయింది జప్తే. మళ్లీ అచ్చువేయమని ప్రచురణకర్తను ఆదేశించే వీలు ఆ సెక్షన్లో లేదు.

మూడోప్రూఫు:
పేరు ఏదైనా పెట్టుకోండి, తేలేది ఒప్పందంలోనే. 'పుస్తకం అందుబాటులో లేకపోతే హక్కులు రచయితకు తిరిగొస్తాయి' అన్న వాక్యం చాలదు. గోడౌన్లో పది కట్టలున్నా, ఈ-బుక్ ఉన్నా 'అందుబాటులోనే ఉంది' అని వాదిస్తారు. 'అమ్మకం ఆపిన 30 రోజులకు హక్కులు రచయితవి' అని తేదీతో ముడిపెట్టాలి. మిగిలిన ప్రతులను గుజ్జుకు పంపేముందు అచ్చు ఖర్చుకే రచయితకు ఇవ్వాలి, పేజీల ఫైళ్లు కూడా. అసలు ప్రమాదం 'కేసుల ఖర్చంతా రచయితదే' అన్న క్లాజు. సంతకానికి ముందు దాన్ని 'తుది తీర్పులో రచయిత తప్పు తేలితేనే, అందిన రాయల్టీకి మించకుండా' అని మార్పించుకోవాలి.

లెటర్‌ప్రెస్:
రాయల్టీ పరిమితికి సరే. 30 రోజులు కుదరదు, దుకాణాల నుంచి ప్రతులు తిరిగి రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది, 90 చేయండి. ప్రతులిచ్చేటప్పుడు టైటిల్ వెనక పేజీలో మా పేరు ఉండకూడదు, ఉంటే తర్వాతి నోటీసూ మాకే వస్తుంది. అందుకు మొదటి ఫారం (ఒకే షీటుపై అచ్చయ్యే పేజీలు) మళ్లీ అచ్చువేసి బైండింగ్ విప్పి కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో అదీ రాసుకోండి.

మూడోప్రూఫు:
ఆపింది మీరు కాబట్టి మీదే.