అద్దె గడువు అయిపోయింది, సినిమా పూర్తి కాలేదు. అలాంటప్పుడు రివ్యూ రాయొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు
ఒడిశాలోని మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం. పోయిన శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు టామ్ క్రూజ్ స్పై సినిమా మిషన్ ఇంపాజిబుల్ డెడ్ రెకనింగ్ ఫోన్లో అద్దెకు తీసుకున్నాను. 2023లో వచ్చింది, నిడివి 163 నిమిషాలు. 120 రూపాయలు కట్టాను. ప్లే నొక్కిన దగ్గర్నుంచి 48 గంటల్లో చూసేయాలి. ఆ రాత్రి గంటన్నర చూశాక వాన పట్టుకుని కరెంటు పోయింది. ఆదివారం చుట్టాలొచ్చారు, వాళ్ళు వెళ్ళాక ఇంకో అరగంట చూశాం. సోమవారం షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి తొమ్మిది. ఫోన్ తీస్తే గడువు అయిపోయింది, మళ్ళీ డబ్బు కట్టమంది. చివరి 43 నిమిషాలు చూడలేదు. ఆ పేజీలోనే ఐదుకి రెండు స్టార్లిచ్చి నాలుగు ముక్కలు రాశాను. పూర్తిగా చూడకుండా రేటింగ్ ఇవ్వడం తప్పని మా బావమరిది గొడవ. డబ్బు కట్టాను, నచ్చలేదు, రాశాను. తప్పేంటి?

రాయగడ మాస్టారు
తప్పే బాబూ. నేను ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దాను, మూడొంతులు చదివి మార్కులేసిన రోజు ఒక్కటి లేదు. స్పై సినిమా అంటే ముందు రెండు గంటలు ముడి వేస్తారు, చివర్లో విప్పుతారు. నువ్వు ముడి మాత్రం చూసి విప్పలేదంటున్నావు. నార్వేలో కొండ మీంచి మోటార్ సైకిల్‌తో దూకిన సీను ఆ 43 నిమిషాల్లోనే ఉంది. దానికోసం ఆయన 500 సార్లు విమానం నుంచి దూకి, 13 వేల సార్లు బండితో గెంతి ప్రాక్టీసు చేశాడు. షూటింగ్ మొదటి రోజునే ఆ సీను పెట్టుకున్నారు, ఏదైనా జరిగితే మిగతా సినిమా తీసి ఉపయోగం లేదని. ఒక్క రోజులో ఆరుసార్లు దూకాడు. అరవై ఏళ్ళకు దగ్గర పడుతున్న మనిషి ప్రాణం పెట్టి చేసిన పనిని చూడకుండా రెండు స్టార్లు వేశావు. ఇది అన్యాయం. నేను రైలెక్కి విశాఖ వెళ్ళి పెద్ద తెర మీద చూశాను, ఆ సీనప్పుడు హాల్లో ఒక్కరు గొంతు విప్పలేదు.

గుణుపురం అక్క
తమ్ముడూ, డబ్బు కట్టాక మొదలుపెట్టడానికి 30 రోజుల టైముంటుంది. 48 గంటలు లెక్కపెట్టేది ప్లే నొక్కాకే. ఆదివారం పొద్దున్న నొక్కాల్సింది.

పర్లాకిమిడి కుర్రాడు
తెలుసక్కా. శనివారమే చూద్దామని మా అమ్మ అడిగింది, అందుకే నొక్కాను.

బరంపురం వీడియో షాపు
మాస్టారూ, నాకు 1990ల్లో క్యాసెట్ల షాపుండేది, అద్దె సంగతి నేను చెబుతాను. క్యాసెట్టు 24 గంటలకి. లేటైతే రెండో రోజు అద్దె. చాలామంది రివైండ్ చేయకుండా తెచ్చేవాళ్ళు, నేనేమీ అనేవాణ్ని కాదు, ఎందుకంటే ఆ క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే నాకు కావలసింది తెలిసేది. టేపంతా కుడి చక్రానికి చుట్టుకుంటే సినిమా మొత్తం చూశారు. రెండు చక్రాలకీ సమానంగా ఉంటే సగంలో కట్టేశారు. ఒకే సినిమా నాలుగిళ్ళ నుంచి సగం టేపుతో తిరిగొచ్చిందంటే ఐదో మనిషికి నేనే చెప్పేసేవాణ్ని, ఇది వద్దు, వేరేది తీసుకెళ్ళండని. మనిషి ఎక్కడ ఆపాడన్నదే రివ్యూ. డబ్బు పెట్టి అద్దెకు తెచ్చుకున్నవాడు చివరిదాకా కూర్చోలేదంటే దాన్ని సినిమా లెక్కలోనే రాయాలి. కుర్రాడు రాసింది న్యాయం.

రాయగడ మాస్టారు
టేపు ఎక్కడ ఆగిందో తెలిసింది. ఎందుకు ఆగిందో ఎలా తెలిసింది? ఆ నాలుగిళ్ళలోనూ కరెంటు పోయి ఉండొచ్చు కదా, మన ఊళ్ళలో ఆ రోజుల్లో కరెంటు సంగతి మీకు తెలియనిదా? అందుకే అబ్బాయిని సూటిగా అడుగుతున్నాను. ఆ రెండు స్టార్లు సినిమాకిచ్చావా, కరెంటుకిచ్చావా, నీ షాపు టైముకిచ్చావా?

కాశీనగర్ బుల్లెట్
పూర్తిగా చూసినా కథ పూర్తవదు. థియేటర్లలోకి వచ్చినప్పుడు పేరు పక్కన పార్ట్ వన్ అని ఉండేది, తర్వాత ఆ ముక్క తీసేశారు. రెండోది 2025లో వచ్చింది. ఇది తెలియక నేనూ మోసపోయాను.

గుణుపురం అక్క
రోమ్‌లో చేతులకి బేడీలతో ఆ చిన్న పసుపు కారు నడిపే సీను ఎంత బాగుంటుందో. దానికే నేను నాలుగిస్తాను.

పర్లాకిమిడి కుర్రాడు
మాస్టారూ, సూటిగానే చెబుతాను. కరెంటుకి కాదు. నేను అద్దెకు తీసుకున్న చోట తెలుగు ఆడియో లేదు. ఇంగ్లీషుంది, హిందీ ఉంది. ఈ సినిమా తెలుగు డబ్బింగ్‌తో హాళ్ళలో ఆడింది, అంటే ఆ తెలుగు గొంతులు ఎక్కడో ఉన్నాయి, అద్దె పేజీ దాకా రాలేదు. హిందీలో పెట్టాను. మా అమ్మకి హిందీ రాదు, ఒడియా బజారు వరకే. కానీ స్పై సినిమా అంటే ఇష్టం. కృష్ణ గారి గూఢచారి 116 గురించి ఇప్పటికీ చెబుతుంది. ఈ సినిమాలో రెండు ముక్కల తాళంచెవి ఒకటుంది, అందరూ దానికోసం కొట్టుకుంటారు, అది దేనికో వాళ్ళలోనే చాలామందికి తెలియదు. అమ్మ ప్రతి పది నిమిషాలకీ అడుగుతుంది, ఆ తాళంచెవి దేనికి నాయనా అని. నేను పాజ్ చేసి చెప్పడం, మళ్ళీ ప్లే చెయ్యడం. కంప్యూటర్ బుర్ర ఒకటి ప్రపంచం మీద పడిందని చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. గంటన్నర సినిమా చూడ్డానికి రెండుంపావు గంటలయింది. ఆదివారం అమ్మే అంది, నువ్వు చూసుకో, నేను పడుకుంటాను అని. నేను ఆ రెండు స్టార్లు ఇచ్చింది దానికి.

రాయగడ మాస్టారు
అయితే అది సినిమాకి రివ్యూ కాదు, నేనన్నదే నిజమైంది. ఇంకో మాట. డబ్బింగ్ కోసం ఇంత ఆరాటం ఎందుకు? మనిషి గొంతు తీసేసి వేరే గొంతు అతికిస్తే నటనలో సగం పోతుంది. అసలు భాషలో చూడాలి, కింద అక్షరాలు చదువుకోవాలి.

పర్లాకిమిడి కుర్రాడు
మీకు పెన్షన్ వస్తుంది, రైలెక్కి విశాఖ వెళ్ళి సినిమా చూసి రాగలరు. నేను ఒక రోజు షాపు తీయకపోతే ఆ రోజు ఇంట్లో రూపాయి ఉండదు. మా అమ్మ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడ చదువుతుంది? ఎదుటివాడి ఇల్లు ఎలా నడుస్తుందో తెలియకుండా పాఠం చెప్పకండి.

రాయగడ మాస్టారు
పెన్షన్ ఊసెత్తావు కాబట్టి నేనూ దాచను. గిడుగు రామమూర్తి గారు బతికిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిస్తే ఉండలేక వెళ్ళిపోయారు. ఆ ఊరి వాళ్ళు ఇవాళ ఏం చేస్తున్నారు? పిల్లలకి తెలుగు అక్షరం నేర్పరు. ఇంట్లో తెలుగు మాట్లాడితే చాలనుకుంటారు. రేపు ఆ కంపెనీ వాళ్ళు తెలుగు సబ్‌టైటిల్స్ వేశారనుకో, మీ ఇళ్ళలో చదివేవాళ్ళెవరు? చదవడం వదిలేసి వినిపించమని అడుగుతున్నారు. నా కోపం సినిమా గురించి కాదు.

గుణుపురం అక్క
మాస్టారూ, ఆ మాట అందరికీ తగులుతుంది.

జయపురం పిల్లాడు
నాకు తగిలింది. మాస్టారు గారూ, నాకు తెలుగు చదవడం రాదు. ఈ పోస్టు నోటితో చెబుతుంటే ఫోన్ రాస్తోంది, మీ అందరి పోస్టులూ ఫోనే చదివి వినిపిస్తుంది. ఒకటో తరగతి నుంచి ఒడియా మీడియం. మా బడిలో తెలుగు చెప్పేవాళ్ళు లేరు, ఎవరు నేర్పాలి నాకు? ఇంట్లో నానమ్మతో, అమ్మతో మాట్లాడేది తెలుగే, తిట్టుకునేదీ తెలుగే. నాలాంటివాడికి సబ్‌టైటిల్స్ పనికిరావు, డబ్బింగ్ ఒక్కటే దారి. కళ్ళకి రాని భాష చెవులకైనా ఉండనివ్వండి. చదవడం రాదు కాబట్టి తెలుగు సినిమా అడిగే హక్కు లేదంటే నేనెక్కడికి పోవాలి?

బరంపురం వీడియో షాపు
బాగా చెప్పావు బాబూ. మా అమ్మాయీ అంతే.

రాయగడ మాస్టారు
నా కొడుకూ అంతే. ఊరందరి పిల్లలకీ చెప్పాను, సాయంత్రం ఇంటికొచ్చాక వాడిని కూర్చోబెట్టే ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు భువనేశ్వర్లో ఉద్యోగం. నేను తెలుగులో మెసేజ్ పెడితే ఏం రాశారు నాన్నా అని ఫోన్ చేస్తాడు. అందుకే కోపం వచ్చింది. జయపురం బాబూ, నిన్ను ఉద్దేశించి అనలేదు. కానీ అక్షరం రావాలన్న మాట వెనక్కి తీసుకోను. రివ్యూ విషయంలోనూ అంతే.

పర్లాకిమిడి కుర్రాడు
పెన్షన్ మాట నేను అనకుండా ఉండాల్సింది మాస్టారూ. రివ్యూ తీయను గానీ మొదటి వాక్యం మార్చాను. 'నేను చూసింది 120 నిమిషాలు, హిందీలో, తెలుగు ఆడియో లేదు' అని పైనే పెట్టాను. చదివేవాళ్ళకి నేను ఎక్కడ నిలబడి రాశానో తెలియాలి.

రాయగడ మాస్టారు
ఆ వాక్యం బాగుంది. దాని కింద రెండు స్టార్లు ఇంకా తప్పే.

కాశీనగర్ బుల్లెట్
తాళంచెవి సంగతి అమ్మగారికి నేను చెప్పనా? మొదట్లో మునిగిన రష్యా సబ్‌మెరైన్ గుర్తుందా...

పర్లాకిమిడి కుర్రాడు
చెప్పకు అన్నయ్యా. మళ్ళీ 120 కట్టాను. ఇంకా ప్లే నొక్కలేదు. ఆదివారం పొద్దున్న అమ్మ పక్కన కూర్చుని సౌండ్ తగ్గించి నేనే తెలుగులో చెబుతాను.

రాయగడ మాస్టారు
శనివారం రాత్రే ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకో. కొండ సీను దగ్గర మాత్రం ఏం చెప్పకు, చూడనివ్వు.