నవోదయ కోచింగ్‌తో ఆరో తరగతికి ఉపయోగం ఉందా?

వర్ధన్నపేట నాన్న:
మా బిడ్డ సర్కారు బడిలో ఐదో తరగతి. ఊళ్లో బడి అంతవరకే. వచ్చే యేడు బస్సెక్కి పక్క ఊరి జడ్పీ హైస్కూల్‌కు పోవాలి. మా తమ్ముడేమో మామునూరు నవోదయకు, అదే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడికి, ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయించు, ఇప్పుడే కోచింగ్‌లో చేర్పించు అని పట్టుబడుతున్నాడు. అవసరమా?

హనుమకొండ అమ్మ:
చేర్పించండన్నా. ఒక్కసారే రాసే పరీక్ష, మళ్లీ ఛాన్స్ ఉండదు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. వస్తే పన్నెండో తరగతి దాకా చదువు, తిండి, ఉండడం అన్నీ అక్కడే. రాకున్నా లెక్కలు గట్టిపడతాయి.

హైస్కూల్ సార్:
అక్కడే నాకు అనుమానం. 80 ప్రశ్నల్లో 40 మెంటల్ ఎబిలిటీవే, అంటే బొమ్మలు చూసి ఆలోచించి చెప్పేవి. లెక్కలు 20. మా దగ్గర పిల్లలు తడబడేది వేరేచోట. ఐదు దాకా ఒకరిద్దరు టీచర్లతో గడిపిన పిల్లలకు ఇక్కడ బెల్లు కొట్టినప్పుడల్లా కొత్త ముఖం. టైంటేబుల్ చూసి సర్దుకోవడం తెలియక జూన్‌లో పుస్తకాలన్నీ మోసుకొస్తారు. హిందీ అక్షరాలు చాలామందికి అప్పుడే మొదలు. కొందరైతే బాత్రూంకు పోతానని అడగడానికి భయపడి సాయంత్రం దాకా ఆపుకుంటారు. ముందు నోరు తెరిచి అడగడం నేర్పండి.

హనుమకొండ అమ్మ:
అవన్నీ నెల తిరిగేసరికి అలవాటవుతాయి సార్. భిన్నాలు రాకపోతే మాత్రం పదో తరగతి దాకా తిప్పలే.

హైస్కూల్ సార్:
భిన్నాల మాట నిజమే మేడమ్. దానికి ఐదో తరగతి పుస్తకం చాలదా? భాగహారం రాని పిల్లకు అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుందో నేర్పి ఏం లాభం?

నర్సంపేట అక్క:
బస్సు సంగతి ఎవరూ ఎత్తరేం? మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీయే. కానీ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలని ముందే చెప్పండి తమ్ముడూ. బడి తెరవకముందే ఒకసారి వెంట తీసుకెళ్లండి. బస్సు తప్పితే ఎవరింట్లో ఆగాలో, ఎవరి ఫోన్ అడగాలో చూపించండి. నా బిడ్డప్పుడు అసలు టెన్షన్ అదే, చదువుది తర్వాత.

వర్ధన్నపేట నాన్న:
అయితే ఫారం నింపుతాం, కోచింగ్ వద్దు. పాత పేపర్లు తెచ్చి, అంత పట్టుబట్టిన మా తమ్ముణ్నే రోజూ సాయంత్రం బిడ్డ పక్కన కూర్చోబెడతా. బస్సు సంగతి నేను చూసుకుంటానక్కా.

హనుమకొండ అమ్మ:
మీ ఇష్టం అన్నా. సీటు చేజారితే మాత్రం మీ తమ్ముణ్ని అనకండి.