డెసికేట్: ఆరబెట్టడమా, ఎండబెట్టడమా?

మిఠాయి కోసం కొన్న కొబ్బరి పొట్లం మీద ‘డెసికేటెడ్ కోకోనట్’ అని ఉందనీ, ఇంతకీ ‘డెసికేట్’ అంటే తురమడమా, పొడి చేయడమా అనీ ఒక మిత్రులు అడిగారు. రెండూ కావు. ఒక పదార్థంలోని తేమను దాదాపు పూర్తిగా లాగివేయడమే ఆ క్రియకు అర్థం. అయితే వంటింటి వరకు ఈ మాట కొబ్బరితో తప్ప మరి దేనితోనూ వినబడదు కాబట్టి, ఆ కొబ్బరేమో ఎప్పుడూ తురిమే ఉంటుంది కాబట్టి, తురమడమే దాని అర్థమని ఇంగ్లిషు మాతృభాషగా గలవారు సైతం పొరబడుతుంటారు.

మాట పుట్టుకలో కూడా ఒక చిక్కు ఉంది. లాటిన్‌లో ‘సిక్కుస్’ అంటే పొడిగా ఉన్నది అని అర్థం. ‘డీహైడ్రేట్’లోని ‘డీ’ తొలగింపును సూచిస్తుంది. అక్కడ తొలగిపోయేది నీరు. అదే లెక్క ఇక్కడ వేస్తే, డెసికేట్ అంటే పొడితనాన్ని తొలగించడం, అనగా తడపడం అని తేలుతుంది! కానీ ఈ మాటలోని ‘డె’ తొలగింపును కాక ‘పూర్తిగా, చివరంటా’ అనే అర్థాన్ని ఇస్తుంది. రాసేటప్పుడు ఎస్ ఒకటే, సీలు రెండు అని గుర్తుంచుకుంటే చాలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

పైకి ఒకటి చెబుతూ లోపల దానికి ఎదురర్థం పెట్టుకున్న మాటలు మనకూ కొత్త కాదు. యాసంగి కోతల కాలంలో మా నల్లగొండ చుట్టుపక్కల ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లినా “మ్యాచర్ వచ్చిందా?” అనే ప్రశ్న వినబడుతుంది. మాయిశ్చర్ మన నోట మ్యాచర్ అయింది, అది సహజమే. విశేషమేమిటంటే, ‘మ్యాచర్ వచ్చింది’ అంటే తేమ వచ్చిందని కాదు, తేమ కొనుగోలుకు పెట్టిన 17 శాతం హద్దు లోపలికి దిగిందని. అంటే మనవాళ్ల మాటలో తేమ పోవడాన్నే మ్యాచర్ రావడం అంటారు. తేమ కొలిచే మిషన్ పెట్టకముందే రైతు ఒక గింజను పంటి కింద వేసి కొరికి, అది టక్కున విరగకుండా మెత్తగా నలిగితే, “ఇంకా రాలె, ఇంకో రెండెండలు తగలాలె” అంటాడు. ఇక్కడ ‘ఎండ’ కొలతగా మారిన తీరు నాకు ఎంతో ఇష్టం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లిషులో ‘డ్రై’ అనే ఒక్క మాట చేసే పనిని తెలుగులో ముఖ్యంగా రెండు ధాతువులు పంచుకుంటాయి: ఆరు, ఎండు. బయటి నుంచి అంటిన తడి పోతే ఆరడం, వస్తువు తనలోని నీటిని కోల్పోయి రూపమో గుణమో మారితే ఎండడం అని స్థూలంగా చెప్పవచ్చు. బట్టలు, తల, అలికిన నేల ఆరుతాయి. చెరువు, బోరు, చెట్టు ఎండుతాయి. వాన వెలిసిన తరువాత ‘నేల ఆరింది’ అంటే నాగలి కట్టవచ్చునని సంతోషం, ‘నేల ఎండింది’ అంటే అదే రైతుకు దుఃఖం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద అందరికీ తెలిసిన ‘ఆరుతడి’ అనే మాటలో కూడా, నేల ఒకసారి ఆరిన తరువాత మళ్లీ తడపడమే ఉంది తప్ప పైరును ఎండనివ్వడం లేదు. మిరపకాయల సంగతి దీనికి భిన్నం. పండు మిరప ముడుతలు పడి, చేతితో కదిలిస్తే గలగలమనే దాకా కళ్లంలో ఉండవలసిందే. అందుకే అది ఎండుమిర్చి అయింది కానీ ఆరుమిర్చి కాలేదు.

మరి వడ్ల లోపలి తేమ పోతున్నప్పుడు ‘ఆరబోయడం’ అని ఎందుకు అంటారని ఎవరైనా అడగవచ్చు. ఎండబోయడం అనేవారూ ఉన్నారు. కానీ వడ్లను చివరంటా ఎండనిస్తే మిల్లులో బియ్యం విరిగి నూక ఎక్కువవుతుంది కనుక, కొంత తేమ ఉంచి ఆపే ఆ పనికి ‘ఆరబోయడమే’ తగిన మాటని నా అభిప్రాయం.

ఈ లెక్కన డెసికేట్ నిస్సందేహంగా ఎండు వైపు మాట. అయినా పొట్లం మీద ‘ఎండు కొబ్బరి పొడి’ అని రాయడానికి నేను ఒప్పుకోను. మన దగ్గర ఎండు కొబ్బరి అంటే కుడుక. కుడుకను తురిమితే వచ్చే పొడికి నూనె వాసన, కాస్త పసుపు ఛాయ ఉంటాయి. డెసికేటెడ్ కొబ్బరిని చేసేవారు పచ్చి కొబ్బరి మీది గోధుమరంగు పొర చెక్కేసి, ముందుగా తురిమి, ఆ తరువాత వేడిగాలితో తేమ సుమారు 3 శాతానికి దిగే వరకు ఎండబెడతారు. మొదటిది ఎండిన తరువాత తురిమినది, రెండవది తురిమిన తరువాత ఎండినది. కాబట్టి ‘ఎండబెట్టిన కొబ్బరి తురుము’ అంటే సరిపోతుంది.

పాఠ్యపుస్తకాల ధోరణిలో ‘శుష్కీకరణ’ అంటే కాదా అనేవారికి ఒక మాట. శుష్క శబ్దం వాడుక తెలుగులో ‘శుష్క వాగ్దానాలు’ అన్నప్పటిలా డొల్లతనాన్నీ, ‘శుష్కించిపోయాడు’ అన్నప్పటిలా మనిషి చిక్కిపోవడాన్నీ స్ఫురింపజేస్తుంది, కొబ్బరికి అది అతకదు. చిత్రమేమిటంటే ఆ శబ్దానికి పారశీక తోబుట్టువైన ‘ఖుష్క్’ నిజాం కాలపు రెవెన్యూ భాష ద్వారా ఎప్పుడో మన ఊళ్లకు చేరింది. నల్లగొండ, పాలమూరు రైతులు పాత పహాణీలలో చూసే ‘ఖుష్కి’ అదే. తరి భూమి కానిది, మెట్ట. సిక్కుస్ కూడా వినడానికి వీటి చుట్టంలాగే ఉంటుంది కానీ దాని ధాతువు వేరు.

ప్రయోగశాలలో మాత్రం ఎండతో పని లేదు. మూత బిగించిన గాజుపాత్ర అడుగున కాల్షియం క్లోరైడ్ వంటిది ఉంచితే అదే తేమను పీలుస్తుంది. చెప్పుల డబ్బాలో కనిపించే సిలికా జెల్ పొట్లం చేసే పని కూడా అదే. అటువంటి పదార్థాన్ని ‘తేమపీల్పు’ అనవచ్చు. పాత్ర లోపల జరిగేదాన్ని ఎండబెట్టడమనే అనాలి, ఎందుకంటే వైద్యులు వేర్లను ‘నీడలో ఎండబెట్టండి’ అన్నప్పుడే ఆ క్రియ సూర్యుడిని వదిలేసింది. భూగర్భ శాస్త్రంలోని ‘డెసికేషన్ క్రాక్స్’ కోసం అనువాదకులు కొత్త సమాసం కట్టనక్కరలేదు. నీళ్లు ఎండిన చెరువు అడుగున బురద పెళ్లలుగా విడిపోయి, సందుల్లో చెయ్యి దూరేంతగా నోళ్లు తెరిస్తే, వాటిని మనం నెర్రెలనే అంటున్నాం.