పికప్‌కు థర్మోస్టాట్ వాల్వ్ ఉంచాలా, తీసేయాలా?

నర్సీపట్నం బండి:

నాది ముందు బానెట్ ఉన్న పాత బీఎస్ 4 డీజిల్ పికప్. నర్సీపట్నంలో కిరాణా సరుకు ఎక్కించుకొని లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి చేర్చి, తిరుగు ప్రయాణంలో అక్కడి కూరగాయలు తెస్తుంటాను. మైదానంలో ఎంత ఎండ కాసినా ఉష్ణోగ్రత ముల్లు సగం దాటదు గాని, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ పైకి పాకి ఎర్ర గీత దాకా వెళుతోంది. బండి పక్కకు ఆపి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిరగనిస్తే కాసేపటికి దిగుతోంది. "ఆ వాల్వ్ చలి దేశాల కోసం పెట్టింది, మన ఎండలకు దానితో పని లేదు, తీసేస్తే నీళ్లు అడ్డు లేకుండా తిరుగుతాయి" అని మా మెకానిక్ అంటున్నారు. అది సరైన పనేనా? చిన్నాచితకా పనులు ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను కాబట్టి, షెడ్డుకు వెళ్లేముందు నేను చూసుకోదగినవి ఉంటే అవి కూడా చెప్పగలరు.

ఆటోనగర్ పనివాడు:

మీ మెకానిక్ చెప్పింది సబబే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ల మీద పని నేర్చుకున్నవాణ్ని. హీటవుతోందని బండి వస్తే ముందు వాల్వ్ విప్పి చూడాలని, అనుమానం ఉంటే తిరిగి పెట్టవద్దని మా గురువులు నేర్పారు. దీని వెనుక లెక్క ఉంది. వాల్వ్ లేకపోతే ఇంజిన్ కాస్త చల్లగా నడిచి నాలుగు చుక్కల డీజిల్ ఎక్కువ తాగుతుంది. అదే వాల్వ్ ఘాట్ మధ్యలో మూసుకుపోయిందంటే ఇంజిన్ మీద బిగించే అల్యూమినియం హెడ్డు వంగి, దాని కింది గ్యాస్కెట్ కాలిపోయి, హెడ్డు దించి ఫేసింగ్ (చదును) చేయించేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది; ఆ నెల ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకోవడం ఎలా తప్పవుతుందో చదువుకున్నవాళ్లు చెప్పాలి.

పాలిటెక్నిక్ మాస్టారు:

చెప్పమన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ వాల్వ్‌లో ఉండేది మైనం నింపిన చిన్న లోహపు డబ్బీ. ఇంజిన్‌లోని నీళ్లు వాల్వ్ మీద ముద్రించిన ఉష్ణోగ్రతకు, అంటే చాలా బళ్లలో 82 నుంచి 88 డిగ్రీలకు, చేరినప్పుడు ఆ మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగును అణచి, రేడియేటర్ వైపు దారి తెరుస్తుంది; మరో 10, 15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్న తరువాత వాల్వ్ బాగుచేయగలిగింది గాని, చెడగొట్టగలిగింది గాని పెద్దగా ఏమీ లేదు. అక్కడి నుంచి వేడిని బయటికి పంపే భారమంతా రేడియేటర్‌ది, ఫ్యానుది, నీళ్ల పంపుది. వాల్వ్ మూసుకొని బిగుసుకుపోయి ఉంటే ఈ బండి ఊరు దాటకముందే, లోడు లేకపోయినా, హీటెక్కాలి. అలా జరగడం లేదు. చదును రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఘాట్‌లో రెండో గేరులో పాకుతున్నప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ మాత్రం తన శక్తి కొద్దీ వేడిని పుట్టిస్తుంటుంది, కాబట్టి అప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు. లక్షణాలన్నీ ఫ్యానునూ రేడియేటర్‌నూ పట్టిస్తుంటే మనం వాల్వ్‌కు శిక్ష వేస్తున్నాం.

ఇక తీసేస్తే ఏమవుతుందన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. చాలా ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా నేరుగా పంపుకు తిరిగివచ్చే బైపాస్ దారి ఒకటి ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లు అందులోనే తిరుగుతాయి. కొన్ని వాల్వులకు అడుగున రెండో బిళ్ల ఉండి, పై బిళ్ల రేడియేటర్ దారిని తెరిచేకొద్దీ ఇది బైపాస్ దారిని మూస్తుంది. అటువంటి వాల్వ్‌ను పీకేస్తే బైపాస్ ఎల్లప్పుడూ తెరిచే ఉండి, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి చేరుతుంది. చల్లబడుతుందని తీస్తే ఘాట్‌లో బండి మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతుంది; కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. కింది బిళ్ల ఉందో లేదో చూడకుండా తీయమనడమైనా, తీసినా ఫరవాలేదనడమైనా ఊహ మాత్రమే.

తీయకూడదనేవాళ్లు కూడా ఒక తప్పుడు కారణం చెబుతుంటారు: నీళ్లు మరీ వేగంగా తిరిగితే రేడియేటర్‌లో చల్లబడటానికి సమయం చాలదట. ఇది నిలిచే మాట కాదు. ఒక్కో చుట్టులో నీళ్లు తక్కువ చల్లబడినా చుట్లు పెరుగుతాయి కాబట్టి, ప్రవాహం పెరిగితే మొత్తం మీద రేడియేటర్ వదిలే వేడి పెరుగుతుందే గాని తగ్గదు. మన పక్షం సరైనదే అయినా దానికి దొంగ సాక్ష్యం అక్కర్లేదు.

ఆటోనగర్ పనివాడు:

బైపాస్ సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదని మాస్టారు అనుకోవద్దు. వాల్వ్ తీసేటప్పుడు ఆ బైపాస్ రంధ్రాన్ని మూసే డమ్మీ బిళ్ల బిగిస్తాం, అప్పుడు నీళ్లన్నీ రేడియేటర్‌కే పోతాయి. డమ్మీ పెట్టకుండా వాల్వ్ ఒక్కటే పీకే పనివాడు ఉంటే అది అతని లోపం, పద్ధతి లోపం కాదు. ఇంకొక మాట కూడా చెప్పాలి: బజారులో దొరికే డూప్లికేట్ వాల్వులను నమ్మి ఘాట్ ఎక్కమని నేను ఎవరికీ చెప్పలేను. పెట్టెలో నుంచి అప్పుడే తీసిన కొత్త వాల్వ్ తెరుచుకోకపోవడం నా కళ్లతో చూశాను.

పాలిటెక్నిక్ మాస్టారు:

డమ్మీ బిగిస్తే హీటెక్కడం గురించిన నా అభ్యంతరం తొలగిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ బండి తిరిగేది లంబసింగిలో. పుష్య మాసంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే చోట, వాల్వ్ లేని ఇంజిన్ తెల్లవారుజామున ఘాట్ దిగుతున్నంతసేపూ వేడెక్కనే వేడెక్కదు, ఎందుకంటే దిగుడులో ఇంజిన్‌కు పని ఉండదు, రేడియేటర్ మాత్రం ఊరికే చల్లబరుస్తూనే ఉంటుంది. సిలిండర్లు దాటి కిందికి జారే తేమ, కాలని డీజిల్ ఆవిరైపోవాలంటే ఇంజిన్ ఆయిల్ వేడెక్కాలి. వేడెక్కకపోతే అవి ఆయిల్‌లోనే మిగిలి దాన్ని పలచన చేసి, బురదలా మారుస్తాయి, పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలివైపు మీగడ రంగు జిగురు కనిపిస్తుంది. దాన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని భయపడి, అవసరం లేకుండా హెడ్డు దించినవాళ్లున్నారు. మీరు నాలుగు చుక్కల డీజిలే అంటున్నారు, ఈ అరుగుదల ఖర్చు ఒక్కసారిగా కనిపించదు కాబట్టి లెక్కలోకి రావడం లేదు.

డూప్లికేట్ సరుకు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే కొత్తదైనా పాతదైనా బిగించేముందు పొయ్యి మీద పరీక్షించాలి.

దమ్మాం డ్రైవరు:

మాది జగిత్యాల దగ్గర పల్లె, ఇక్కడ సౌదీలో కంపెనీ పికప్ నడుపుతాను. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండలో, ఇసుకలో, సామానుతో తిరిగే మా బండికి వాల్వ్ ఉంది, దాన్ని తీయమని ఇక్కడి సర్వీసు వాళ్లు ఎన్నడూ అనలేదు. ఎండ దేశానికి వాల్వ్ అక్కర్లేదన్న మాటకు ఇదొక్కటే నా జవాబు. బయట 45 అయినా 5 అయినా ఇంజిన్ లోపల కావలసింది 90 చిల్లరే కదా.

మదనపల్లె పాల బండి:

నర్సీపట్నం ఆయన అడిగిన రెండో ప్రశ్నను అందరూ మరిచిపోయినట్టున్నారు. మా పాల బండిని ఇంటి దగ్గర నేనే చూసుకుంటాను, కాబట్టి ఆ అలవాటుతో చెబుతున్నాను.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే పని మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ముందు మూతనే చూడండి. దాని మీద 0.9 అనో 1.1 అనో ఒత్తిడి అంకె ఉంటుంది, అడుగున రబ్బరు వాషరు ఉంటుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, 0.9 మూత సరిగ్గా బిగిసి ఉంటే 115 దాటినా మరగవు. వాషరు చిట్లితే ఆ రక్షణ మొత్తం పోతుంది, కొత్త మూత ఖరీదేమో చాలా తక్కువ. తరువాత టార్చిలైటు పట్టుకొని రేడియేటర్ రేకుల మధ్యకు చూడండి. బయటి నుంచి శుభ్రంగానే కనిపిస్తుంది, రేకుల లోతులో మాత్రం పురుగులు, గడ్డిపరకలు, ఎర్రమట్టి గట్టిగా అట్టకట్టి ఉంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి, అదీ మెల్లగా; కార్ వాష్ గన్నుతో దగ్గరి నుంచి కొడితే రేకులు వంగిపోయి గాలికి దారి ఇంకా మూసుకుంటుంది.

మీ ఫ్యాను బెల్టుతో తిరిగే విస్కస్ రకమైతే, అంటే హబ్బులోని చిక్కటి ఆయిల్ పట్టుతో రెక్కలు తిరిగేదైతే, తాళంచెవి తీసేసి రెక్కను చేత్తో తిప్పి వదలండి. కాస్త బరువుగా తిరిగి వెంటనే ఆగాలి. సైకిల్ చక్రంలా తిరుగుతూనే ఉంటే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టు. అప్పుడు హబ్బు చుట్టూ జిడ్డు, దాని మీద అంటుకున్న దుమ్ము కూడా కనిపిస్తాయి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంటే మానండి, లోపలి సన్నని గొట్టాలకు సున్నం పట్టి మూసుకుపోతాయి. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. దించిన పాత కూలెంట్‌ను పెరట్లో పారబోయవద్దు. అది తియ్యగా ఉండే విషం, కుక్కలూ దూడలూ నాకితే బతకవు.

నర్సీపట్నం బండి:

మదనపల్లె అక్కగారికి కృతజ్ఞతలు. చెప్పినవన్నీ వరుసగా చూశాను. మూత బాగానే ఉంది. రేడియేటర్ కింది సగంలో రేకుల మధ్య మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది, కడిగితే తొట్టెడు ఎర్రనీళ్లు దిగాయి. ఫ్యాను రెక్కను ఒక్కసారి తోస్తే చాలాసేపు తిరిగింది, హబ్బు మీద జిడ్డు కూడా ఉంది.

మాస్టారు చెప్పిన పొయ్యి పరీక్ష కూడా చేశాను. వాల్వ్ మీద 82 అని ఉంది, అడుగున రెండో బిళ్ల ఉంది. వేడి నీళ్లలో ముంచి తెరుచుకున్నప్పుడు సందులో దారం పెట్టాను, చల్లారాక దారం బిగుసుకుంది. ఆ దారంతోనే వాల్వ్‌ను గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి మంట వెలిగించాను. 83 దగ్గర దారం వదిలేసి గిన్నెలో పడింది, 95కు ముందే పూర్తిగా తెరుచుకుంది. ఫ్యాను హబ్బు మార్చి, అదే వాల్వ్ తిరిగి బిగిద్దామనుకుంటున్నాను.

ఆటోనగర్ పనివాడు:

ఫ్యాను హబ్బు పోయినప్పుడు వాల్వ్ తీసినా ప్రయోజనం లేదు, అది ఒప్పుకోవలసిందే. ఈ బండికి ఉంచండి. కానీ పరీక్షించే తీరికా ఓపికా లేని డ్రైవర్ నా దగ్గరికి వచ్చి, సాయంత్రానికల్లా లోడుతో బయలుదేరాలంటే నేను ఇప్పటికీ తీసి డమ్మీయే పెడతాను. గిన్నె, థర్మామీటర్ పట్టుకొని కూర్చునే కస్టమర్లు నాకు రోజూ రారు.

పాలిటెక్నిక్ మాస్టారు:

ఆ డ్రైవర్‌ది బీఎస్ 6 బండి అయితే ఆ పని కూడా చేయకండి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న ఈ బళ్లలో కంప్యూటర్ నీళ్ల ఉష్ణోగ్రతను గమనిస్తూ ఉంటుంది. అనుకున్న వ్యవధిలో వేడెక్కకపోతే పీ 0128 లాంటి కోడ్ నమోదై ఇంజిన్ లైటు వెలగవచ్చు, ఇంజిన్ చల్లగా ఉంటే పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఆ మసిని కాల్చుకునే పని కూడా సరిగా సాగదు. ఆ ఫిల్టర్‌ను మార్చవలసి వచ్చిందంటే హెడ్డు పని ఖర్చే నయమనిపిస్తుంది.

నర్సీపట్నం వారికి బిగించేటప్పటి సంగతి ఒకటి: స్ప్రింగు, డబ్బీ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి, అంచు మీద చిన్న గాలి రంధ్రం ఉంటే అది పైవైపుకు రావాలి, లేకపోతే కూలెంట్ పోసినప్పుడు లోపల గాలి నిలిచిపోతుంది. ఉష్ణోగ్రత సెన్సార్ ఉన్నచోట గాలి చేరితే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందనే ఉండవచ్చు కాబట్టి, మొదటిసారి ఖాళీ బండితో ఘాట్ ఎక్కి, చల్లారాక కూలెంట్ మట్టం మళ్లీ చూసుకొని, ఆ తరువాతే లోడు వేయండి.