టిబెటన్ మూడు, ఉక్రేనియన్ మూడు: మాండలికాలు ఒకే పట్టికలో పడతాయా?

ప్రశ్న (అమలాపురం)
టిబెటన్‌కి ఊ-త్సాంగ్, ఖామ్, అమ్దో. ఉక్రేనియన్‌కి ఉత్తర, నైరుతి, ఆగ్నేయ. రెంటికీ మూడేసి కదాని ఒకే పట్టికలో పెడదామనుకుంటున్నాను. ఏ మాటలు ఏరుకోవాలండీ? నిఘంటువు చూసి ఎక్కించేస్తే సరిపోతుందా?

జవాబు (రాజమండ్రి)
నిఘంటువు చూసి ఎక్కిస్తే టిబెటన్ వైపు అన్ని గళ్ళలోనూ ఒకే రాత పడుతుందండి. ఆ వర్ణక్రమం 9వ శతాబ్దం మొదట్లోనే స్థిరపడిపోయింది, నోళ్ళు మాత్రం ఆగలేదు. మనవైపు ‘వస్తాను’ అని రాసి ‘వత్తాను’ అంటారే, అది వెయ్యేళ్ళు సాగిందనుకోండి.

‘ఐదు’, ‘నేను’ తప్పక పెట్టండి. రాతలో ల్ఙ, ఙ. ఊ-త్సాంగ్ వైపు లాసాలో ముందున్న ల్ రాలిపోయింది, రెండూ ‘ఙ’యే. ఐదుకి గొంతు పైకి లేస్తుంది, నేనుకి కిందే ఉంటుంది. అమ్దోలో ఈ స్థాయి భేదం లేదు. అక్కడ ఐదు ‘హ్ఙ’లా వినిపిస్తుంది, తేడా హల్లులోనే ఉండిపోయింది. అందుకే ప్రతి మాటకీ రాత, పలుకు, స్థాయి అని మూడు గళ్ళు గీయాలి. స్థాయి గడి మానేస్తే లాసా వరసలో ఐదూ నేనూ కలిసిపోతాయి.

‘ఎనిమిది’ కూడా మంచి మాటే. రాత బ్ర్గ్యద్. లాసాలో ముందరి హల్లుల గుత్తి పోయింది, చివరి ద్ పోతూ పోతూ ‘అ’ని ‘ఎ’ చేసి పోయింది.

జవాబు (భీమవరం)
ఉక్రేనియన్‌కి స్థాయి గడి అక్కర్లేదు, ఊనిక గుర్తు కావాలి, అంటే మాటలో ఏ అక్షరం మీద బలం పడుతుందో చూపేది. గుర్రం ‘కిన్’, గుర్రం యొక్క అంటే ‘కొన్యా’. అక్షరం హల్లుతో మూసుకున్నచోట పాత ఒ కాస్తా ఇ అయింది. ఉత్తరాన పొలీస్యాలో అదే చోట ‘కువొన్’ లాంటి జంట అచ్చు ఉంటుంది, అదీ ఊనిక పడితేనే. ఆ చోట ఊనిక పడని మాటలు ఏరుకుంటే ఉత్తరాన ఆ జంట అచ్చే కనబడక మోసపోతారు.

నైరుతికి విడి మాటలు చాలవు, వాక్యం రాయండి. ‘నాకు భయం’ అనడానికి ప్రామాణికంలో ‘బొయుస్యా’, అక్కడ ‘యా స్యా బొయు’. ఆ ‘స్యా’ క్రియ ముందుకి దూకుతుంది. పదాల వరసకి బంగాళాదుంప చాలు: కర్తోప్ల్యా, పడమట బుల్బా, బరబోల్యా, కార్పాతియన్ కొండల అవతల హంగేరియన్ నుంచి వచ్చిన క్రుంప్లి. సరిహద్దు గీతలకి 1984 నుంచి 2001 దాకా మూడు సంపుటాలుగా వచ్చిన ఉక్రేనియన్ భాషా అట్లాసు ఉంది. సూర్జిక్‌ని మాత్రం మాండలికాల్లో కలపకండి, అది రష్యన్‌తో కలగాపులగం.

జవాబు (రాజమండ్రి)
ఇంకోటి. మూడుకి మూడు అని తూచకండి. ఆగ్నేయాన పొల్తావా మనిషి, నైరుతిన ల్వీవ్ మనిషి ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకున్నా పని జరుగుతుంది. లాసా, అమ్దోలకి అలవాటు లేకపోతే జరగదు. వాటిని వేరు భాషలనే పండితులూ ఉన్నారు. కర్ణాటకలోని బైలకుప్ప లాంటి టిబెటన్ శరణార్థి శిబిరాల్లో పుట్టినవాళ్ళ రికార్డింగు ‘ఖామ్’ గడిలో వెయ్యొద్దు. అక్కడ మధ్య టిబెట్ పలుకు మీద నిలిచిన ఉమ్మడి భాష నడుస్తుంది.

ప్రశ్న వేసినవారు
ఆయ్, అర్థమైందండి. పట్టికలు రెండు చేస్తాను. పక్కన మన ‘వత్తాను’ ఒక వరస పెట్టొచ్చా?

జవాబు (భీమవరం)
టిబెటన్ పట్టికలో పెట్టండి, రాతకీ పలుకుకీ ఎడం చూపడానికి. తెలుగుకి స్థాయి భేదం లేదుగా, ఆ గడిలో అడ్డగీత పెట్టేయండి.