"రా. 1.42" అంటే ఏ రోజు? పైథాన్‌తో తల బొప్పి కట్టింది

గోదారి_గట్టు: నాన్నగారి కోసం పంచాంగం టెక్స్ట్ ఫైల్‌తో చిన్న ఆప్ చేస్తున్నాను. లైన్లు ఇలా ఉన్నాయి: "తదియ రా. 1.42 వరకు", "వర్జ్యం ఉ. 9.05 నుంచి 10.40". స్ట్రిప్‌టైమ్ (రాతలోంచి టైం చదివే పైథాన్ ఫంక్షన్) ప్రతి లైనుకీ ఎర్రర్ కొడుతోంది. రెడీమేడ్ లైబ్రరీ ఏదైనా ఉందా? డేటాబేస్‌లో ఎలా దాచాలి?

సీఎస్‌వీ_సుజాత: ముందు ఆ చుక్కతో జాగ్రత్త. బస్సు టైమింగుల ఫైల్‌ని పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో చదివితే 9.40ని దశాంశం అనుకుని 9.4 చేసింది. నేను చుక్క దగ్గర విడగొట్టాను, 9 గంటల 4 నిమిషాలు అయింది. రెండు రోజులు జనం 36 నిమిషాల ముందే వచ్చి స్టాపులో నిలబడ్డారు. టెస్టుకి నేను పెట్టుకున్నదేమో 9.05, అది బంగారంలా పనిచేసింది. చదివేటప్పుడే అది సంఖ్య కాదు, స్ట్రింగ్ (అక్షరాలు) అని చెప్పండి.

పాత_పర్ల్: ఇరవై ఏళ్లుగా లాగ్ ఫైళ్లతోనే నా కాపురం. దీనికి లైబ్రరీ ఎందుకు? ఒక్క రెజెక్స్ (అక్షరాల నమూనాని వెతికే సూత్రం) చాలు. సా., రా. ఉంటే 12 కలుపు. అయిపోయింది.

నైట్_షిఫ్ట్: అయిపోలేదు సార్. రా. 1.42కి 12 కలిపితే మధ్యాహ్నం అవుతుంది. రా. 12.20కి కలిపితే 24.20, డేట్‌టైమ్ 23 దాటిన గంటని ఒప్పుకోదు.

పాత_పర్ల్: ఒక ఇఫ్ పెట్టుకోవాలని కూడా నేనే చెప్పాలా?

కొత్త_కోడర్: ఏఎం, పీఎంగా మార్చి స్ట్రిప్‌టైమ్‌కి ఇచ్చేవాళ్లు ఫార్మాట్‌లో గంటకి పెద్ద హెచ్ (%H, 24 గంటల లెక్క) కాదు, పెద్ద ఐ (%I, 12 గంటల లెక్క) రాయండి. హెచ్ రాస్తే పీఎంని పట్టించుకోదు, ఎర్రరూ రాదు. నాకు ఓ శనివారం పోయింది.

గోదారి_గట్టు: సరే, ఆ రా. 1.42 మంగళవారం కింద ఉంది. తేదీ ఏది పెట్టాలి?

శాస్త్రిగారి_మనవడు: మంగళవారమే. సూర్యోదయం దాకా వారం మారదు.

నైట్_షిఫ్ట్: ఫోన్‌లో బుధవారం వచ్చేసి ఉంటుంది. అలారం ఒక రోజు ముందు మోగితే ఎవరిని తిడతారు?

శాస్త్రిగారి_మనవడు: పంచాంగం చదవడం రానివాళ్లు ఆప్‌లు చేస్తే ఇంతే.

నైట్_షిఫ్ట్: కోడ్ రాయడం రానివాళ్లు సలహాలిచ్చినా ఇంతే.

సీఎస్‌వీ_సుజాత: ఇద్దరూ ఆగండి. బస్సులకి వాడే జీటీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఈ గొడవ ఎప్పుడో తేల్చేశారు. అర్ధరాత్రి దాటిన ట్రిప్పుని పాత తేదీ కిందే 25:42:00 అని రాస్తారు. మీరూ మంగళవారం, 1542 నిమిషాలు అని దాచుకోండి. అసలు గడియారం కావాలంటే ఆ తేదీ మొదలైన అర్ధరాత్రికి (0.00) కలుపుకోవడమే.

జెర్సీ_కుర్రాడు: న్యూజెర్సీలో మాకైతే ఇండియా టైంలోంచి 9.30 గంటలు తీసేస్తే సరిపోతుంది కదా?

నైట్_షిఫ్ట్: చలికాలంలో 10.30. టైం జోన్‌లు చూసుకునే పైథాన్ జోన్‌ఇన్ఫో వాడు బాబూ, చేత్తో తీసెయ్యకు.

శాస్త్రిగారి_మనవడు: అదీ తిథికే. రాహుకాలం మీ ఊరి సూర్యోదయాస్తమయాల్ని బట్టి ఉంటుంది, తీసివేతతో రాదు. ఇది మాత్రం నా మాట వినండి.

పాత_పర్ల్: మా తాతగారి పంచాంగంలో "ఘ. 12-30" అని ఉండేది. అది పన్నెండున్నర కాదు. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. సూర్యోదయం తర్వాత సరిగ్గా 5 గంటలు. దీనికి రెజెక్స్ రాసినవాణ్ణి నేను.

కొత్త_కోడర్: తెలుగు అంకెలుంటే? ౧.౪౨ అని?

పాత_పర్ల్: చుక్క దగ్గర విడగొట్టి, సంఖ్యగా మార్చే పైథాన్ ఇంట్‌కి ఇస్తే తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో రెజెక్స్ అంకెల గుర్తు \d కూడా వాటిని అంకెలుగా గుర్తించదు. ఇంకేమైనా?

గోదారి_గట్టు: 1542 పద్ధతి పెట్టాను, పనిచేస్తోంది. పొరపాటున తెర మీద కూడా 25.42 అనే వచ్చింది. నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, "ఇదెక్కడి గడియారంరా" అని. ఇప్పుడు "తె. 4.10" అన్న లైన్లు మిగిలాయి, అవీ 28.10 కిందే లెక్కా?

శాస్త్రిగారి_మనవడు: అవును, మంగళవారమే.

నైట్_షిఫ్ట్: మళ్లీ మొదలెట్టాడు.